32 గళ్లలో ఏముంచాలి, ఏం వదలాలి?

సందేహాలు - సమాధానాలు

ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో చిన్న చిన్న ఐకాన్లు, గుర్తులు, స్టిక్కర్లు చేసుకోవడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఈసారి జవాబులిస్తున్నాను. ముఖ్యంగా జింప్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను. అది ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫొటోషాప్‌లో పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ సంగతీ చెప్పాను.

ప్రశ్న: నేను వాట్సాప్‌లో వెంకటగిరి చీరలు అమ్ముతుంటాను. కొంగు మీది మామిడి పిందెను ఫొటో తీసి, కత్తిరించి ప్రొఫైల్ బొమ్మగా పెట్టాను. తెరిచి చూస్తే బాగానే ఉంది. చాట్ లిస్టులో మాత్రం గోధుమరంగు మరకలా కనిపిస్తోంది. ఇంకా మంచి కెమెరాతో తీయించాలా?
– ఒక గృహిణి, నెల్లూరు

సమాధానం: కెమెరా మార్చినా ఫలితం ఇంతేనండీ. చిక్కంతా కుదించేటప్పుడు జరిగే లెక్కలో ఉంది. మీ ఫొటోలో పిందె 960 పిక్సెల్స్ వెడల్పు ఉందనుకుందాం. చాట్ లిస్టులో దానికి దక్కే చోటు ఏ 48 పిక్సెల్సో అనుకుందాం. అప్పుడు అడ్డంగా 20, నిలువుగా 20, మొత్తం 400 పిక్సెల్స్ కలిసి ఒక్కటైపోవాలి. సాఫ్ట్‌వేర్ ఆ 400 రంగులకూ సగటు కడుతుంది. జరీ పసుపు, మెరూన్ దారం, పోగుల మధ్య నీడ కలిపి సగటు తీస్తే వచ్చేది గోధుమరంగే. ఫొటోలో పిక్సెల్స్ ఎంత పెరిగితే అన్ని ఎక్కువ పిక్సెల్స్ ఆ సగటులో కలుస్తాయి, అంతే.

అందుకని ఫొటోను ఆధారంగా పెట్టుకుని పిందెను కొత్తగా గీయండి. జింప్‌లో 512 × 512 పిక్సెల్స్ కొలతతో, పారదర్శక నేపథ్యంతో కొత్త ఫైలు తెరవండి. మీ ఫొటోను ఒక లేయర్‌గా తెచ్చి, దాని ఒపాసిటీ సగానికి తగ్గించండి. పైన ఖాళీ లేయర్ పెట్టుకుని పాత్స్ టూల్‌తో పిందె అంచు వెంబడి చుక్కలు పెడుతూ ఒక చుట్టు చుట్టండి. చుక్కలు తక్కువైతే వంపు నున్నగా వస్తుంది. పిందెకు ఆరేడు చుక్కలు సరిపోతాయి. ఆ పాత్‌ను సెలక్షన్‌గా మార్చి మెరూన్ రంగు నింపండి.

ఇక పిందె లోపలి సంగతి. నేతగాడు అందులో పూలు, ఆకులు, చుక్కలు ఎన్నో పొదుగుతాడు. చీర మీద వాటికి చోటుంది. ఐకాన్‌లో మూడింటికే చోటుంది: బయటి ఆకారం, లోపల జరీ రంగులో ఒక గీత, మధ్యలో ఒక మొగ్గ. మిగతావన్నీ వదిలేయండి. గీత మందం ఊహకు వదలకుండా లెక్కతో తేల్చుకోండి. 512ను 32తో భాగిస్తే 16. అంటే మీరు 16 పిక్సెల్స్ మందంతో గీసిన గీత, ఐకాన్ 32 పిక్సెల్స్‌కు తగ్గినప్పుడు ఒకే పిక్సెల్ అవుతుంది. అంతకంటే సన్నగా గీసినది పక్క రంగులో కలిసిపోతుంది. కాబట్టి 32 పిక్సెల్స్ మందం పెట్టుకోండి. పిందె కొన చీర మీద సూదిలా ఉంటుంది. ఇక్కడ దాన్ని కావాలనే లావుగా, కొంచెం ఎక్కువ వంపుతో గీయండి. ఆ కొన కనబడకపోతే అది పిందె అని ఎవరికీ తట్టదు.

ప్రొఫైల్ బొమ్మను వాట్సాప్ గుండ్రంగా చూపిస్తుంది. చదరంలో ఇమిడే వృత్తం వైశాల్యం దాదాపు 78 శాతమే. నాలుగు మూలలూ పోతాయి. పిందెను ఆ వృత్తంలోపలే, చుట్టూ కాస్త ఖాళీ వదిలి కూర్చండి. వెనక లేత గంధం రంగు ఒక్కటే నింపండి. చివరగా అడుగునున్న ఫొటో లేయర్‌ను దాచేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. అసలు ఫైలును జింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ రూపంలో దాచుకోవడం మరవకండి. రేపు సంచుల మీద వేయించాలన్నా, లేబుల్ చేయించాలన్నా అదే ఆధారం.

ప్రశ్న: కాలేజీ సాంస్కృతిక సంఘం కోసం డప్పు బొమ్మతో ఐకాన్ చేశాను. వెనక తెలుపంతా చెరిపేశాను. స్నేహితుడికి పంపితే అతని ఫోన్లో మళ్లీ తెల్ల పెట్టెలోనే వచ్చింది. పైగా నల్లటి నేపథ్యం మీద పెడితే డప్పు చుట్టూ సన్నటి తెల్ల గీత కనిపిస్తోంది. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

సమాధానం: మీవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది ఫైలు రకానికి సంబంధించినది. జేపీజీకి పారదర్శకత తెలియదు. మీరు చెరిపిన చోటును ఏదో ఒక రంగుతో, మామూలుగా తెలుపుతో, నింపేస్తుంది. మీరు పీఎన్‌జీగా సేవ్ చేసినా, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది దారిలో జేపీజీగా మారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నదున్నట్టు చేరుతుంది. 1996లో ప్రమాణంగా వచ్చిన పీఎన్‌జీలో ప్రతి పిక్సెల్‌కూ పారదర్శకత 256 స్థాయిల్లో ఉండొచ్చు. అంతకుముందు నుంచీ ఉన్న జిఫ్‌లో రెండే స్థాయిలు: పూర్తిగా కనిపించడం, అసలు కనిపించకపోవడం. వంపులున్న ఐకాన్‌ను జిఫ్‌గా చేస్తే అంచు రంపపు పళ్లలా వచ్చేది అందుకే.

జింప్‌లో చెరిపితే గళ్ల నేపథ్యం బదులు తెలుపే వస్తోందంటే, ఆ లేయర్‌కు పారదర్శకతను నమోదు చేసే ఆల్ఫా చానల్ లేదన్నమాట. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీలోకి వెళ్లి యాడ్ ఆల్ఫా చానల్ నొక్కండి.

రెండోది తెల్ల గీత. తెల్ల గోడ ముందు తీసిన ఫొటోను బాగా దగ్గరగా జూమ్ చేసి డప్పు అంచు చూడండి. చట్రం గోధుమరంగుకూ గోడ తెలుపుకూ మధ్య ఒకటి రెండు వరుసల పిక్సెల్స్ ఉంటాయి. వాటిలో రెండు రంగులూ కలిసి ఉంటాయి. మీరు గోడను తీసేసినా ఆ వరుసలో కలిసిన తెలుపు అలాగే ఉండిపోయింది. లేత నేపథ్యం మీద అది కంటికి ఆనదు. నలుపు మీద పెట్టగానే బయటపడుతుంది. జింప్‌లో ఆల్ఫా టు సెలక్షన్ నొక్కి, సెలక్ట్ మెనూలోని ష్రింక్‌తో ఒక పిక్సెల్ లోపలికి లాగి, ఇన్వర్ట్ చేసి డిలీట్ చేయండి. ఫొటోషాప్‌లో అయితే లేయర్ మెనూ మ్యాటింగ్‌లో డీఫ్రింజ్ ఉంది. ఒక పిక్సెల్ చాలు. ఈ పనులన్నీ బొమ్మ పెద్దగా ఉన్నప్పుడే చేయాలి. 32 పిక్సెల్స్‌కు తగ్గించాక ఒక వరుస తీసేయడమంటే డప్పులో గణనీయమైన ముక్కను కోసేయడమే.

తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో గీసిన ముగ్గులు, బొమ్మలకు వేరే సులువు ఉంది. కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫా తీసుకుని తెలుపును ఎంచుకోండి. అంచుల్లో కలిసిన తెలుపుతో సహా పోయి గీత మాత్రం మిగులుతుంది.

ప్రశ్న: డీటీపీ పనిలో ఉన్నాను. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోతున్నాయి. అను ఫాంట్లతో సర్దుకుంటున్నాను. ఒక దుకాణానికి ‘శ్రీ’ అక్షరంతో ఐకాన్ అడిగారు. చిన్నగా చేస్తే ఉండలా అలుక్కుపోతోంది.
– ఒక డీటీపీ ఆపరేటర్, విజయవాడ

సమాధానం: వత్తులు విడిపోవడానికి కారణం పాత వెర్షన్లలో టెక్స్ట్ ఇంజన్ సెట్టింగు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, అక్కడ మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనో, వరల్డ్ రెడీ లేఅవుట్ అనో ఉన్నదాన్ని ఎంచుకోండి. వెర్షన్‌ను బట్టి పేరు మారుతుంది. ఫొటోషాప్ మూసి మళ్లీ తెరిచి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టండి. జింప్‌లో ఈ బాధ లేదు, తెలుగు సరిగానే కూర్చుకుంటుంది. అను ఫాంట్‌తో చేసినా ఐకాన్‌కు నష్టం లేదు, చివరికి అది బొమ్మే కాబట్టి. అక్షరాన్ని షేప్‌గా మార్చేసి పంపితే అవతలివాళ్ల దగ్గర ఫాంట్ లేకపోయినా చెదరదు.

ఇప్పుడు ‘శ్రీ’ సంగతి. ఇంగ్లిష్ పెద్దక్షరం ఒక వరుసలో నిలబడుతుంది. మన ‘శ్రీ’కి మూడు వరుసలు కావాలి: పైన గుడిదీర్ఘం, నడుమ శకారం, కింద రావత్తు. 32 పిక్సెల్స్ ఎత్తులో పైన రెండు, కింద రెండు అంచుకు వదిలితే 28 మిగులుతాయి. నడుమ అక్షరానికి 14, పైదానికి 6, కిందిదానికి 6, వాటి మధ్య ఒక్కో పిక్సెల్ ఖాళీ. అంతే, అయిపోయింది. ఫాంట్ ఇచ్చిన ఆకారాన్ని యథాతథంగా తగ్గిస్తే ఆ ఒక్కో పిక్సెల్ ఖాళీలూ పూడుకుపోతాయి. మీరు ఉండ అంటున్నది అదే.

అందుకని అక్షరాన్ని పెద్ద కొలతలోనే షేప్‌గా మార్చి, దీర్ఘాన్ని కాస్త పైకి, రావత్తును కాస్త కిందికి జరపండి. శకారం లోపలి ఖాళీని పెంచండి. ఫాంట్ ఎంపికలో జాగ్రత్త. రామభద్ర లాంటి మందపాటి ఫాంట్ బోర్డు మీద గంభీరంగా ఉంటుంది కానీ ఈ కొలతలో లోపలి ఖాళీలను మింగేస్తుంది. మండలి లాంటి మధ్యస్థ మందం మేలు. ఈ రెండూ ఉచితంగా, స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. ఇంతచేసినా 16 పిక్సెల్స్‌లో ‘శ్రీ’ నిలవదు. ఆ కొలతకు దుకాణం రంగులో ఒక దీపమో, కలశమో గుర్తుగా పెట్టమని యజమానిని ఒప్పించండి. చదవలేని అక్షరం కంటే గుర్తుపట్టగల దీపం ఆయనకు ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: సార్, నాకు పిక్సెల్ ఆర్ట్ అంటే ఇష్టం. 32 × 32లో సీతాకోకచిలుక చేశాను. పెద్దది చేస్తే మసకగా వస్తోంది. వంపులు కూడా గరుకుగా ఉన్నాయి. ఏం చేయాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, చౌటుప్పల్

సమాధానం: మసక పోవాలంటే ఒక్క సెట్టింగు మార్చు బాబూ. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ తెరిస్తే అడుగున ఇంటర్‌పొలేషన్ అని ఉంటుంది. అక్కడ నన్ పెట్టు. ఫొటోషాప్‌లో దాని పేరు నియరెస్ట్ నైబర్. పెంచేటప్పుడు సరిగ్గా భాగం పోయే లెక్కే తీసుకో. 32ను 320 చెయ్యి, 512 చెయ్యి. 300 చేస్తే కొన్ని గళ్లు లావుగా, కొన్ని సన్నగా వచ్చి రెక్కలు వంకరపోతాయి.

గీయడానికి బ్రష్ వాడకు. అది అంచును మెత్తబరుస్తుంది. పెన్సిల్ టూల్ తీసుకుని సైజు 1 పెట్టు. వ్యూ మెనూలో షో గ్రిడ్ నొక్కి, గ్రిడ్ దూరం ఒక పిక్సెల్‌గా మార్చుకో. వంపు నున్నగా కనిపించడానికి కిటుకు ఇది: ఒక్కో మెట్టు పొడవు క్రమంగా తగ్గాలి, లేదా క్రమంగా పెరగాలి. 5, 3, 2, 1, 1, 2, 3, 5 అని గళ్లు పేర్చితే కన్ను దాన్ని వంపుగా చూస్తుంది. 4, 1, 3, 1 అని పెడితే గరుకు తగులుతుంది. నీ సీతాకోకచిలుక రెక్కను ఒకసారి ఇలా లెక్కపెట్టి చూసుకో, తప్పు ఎక్కడుందో నీకే దొరుకుతుంది. ఇంకొకటి. రెండు పక్కలా ఒకేలా ఉండే బొమ్మకు 32 గళ్ల వెడల్పు తీసుకుంటే నడుమ శరీరం రెండు గళ్లు ఉండాలి. ఒకే గడి కావాలంటే 31 వెడల్పు తీసుకోవాలి.

1984లో వచ్చిన యాపిల్ మెకింటోష్ ఐకాన్లు గీసిన సుజాన్ కేర్ మొదట గళ్ల కాగితం మీదే మొదలుపెట్టింది. ఆమెకు దొరికింది 32 × 32, అంటే 1,024 గళ్లు. రంగులు నలుపు, తెలుపు రెండే. చెత్తబుట్ట, నవ్వే కంప్యూటర్ ముఖం అందులోనే పుట్టాయి. నీకైతే ఇంకా దగ్గరలో గురువులున్నారు. పోచంపల్లి, పుట్టపాక మీ ఊరికి ఎంతో దూరం లేవు. అక్కడి నేతన్నలు కొత్త డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు వేసి రాసుకుంటారు. ఆ లెక్క ప్రకారమే నూలును చిటికి కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. ఇక్కత్ చీర మీద చిలుకను దగ్గరగా చూడు. దాని ముక్కు మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆరడుగుల దూరం నుంచి చూస్తే చక్కటి వంపు. సెలవుల్లో ఒక మగ్గం దగ్గరికి వెళ్లి ఆ గ్రాఫ్ కాగితం చూపించమని అడుగు. ఏ వీడియో చూసినదానికంటే ఎక్కువే నేర్చుకుంటావు.

ప్రశ్న: మా బడి పిల్లలు గీసిన బొమ్మలతో, కింద ‘శభాష్’, ‘బాగుంది’ లాంటి మాటలతో వాట్సాప్ స్టిక్కర్లు చేయాలనుంది. కొలతలేమిటి? చుట్టూ తెల్ల అంచు ఎలా వస్తుంది?
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, శ్రీకాకుళం

సమాధానం: మంచి ఆలోచన మేడమ్. స్టిక్కర్ కచ్చితంగా 512 × 512 పిక్సెల్స్ ఉండాలి. నేపథ్యం పారదర్శకంగా ఉండాలి. ఫైలు వెబ్‌పీ రకం, 100 కేబీకి మించకూడదు. ఒక ప్యాక్‌లో కనీసం 3, ఎక్కువలో ఎక్కువ 30 ఉండొచ్చు. ప్యాక్‌ను సూచించే చిన్న బొమ్మ 96 × 96, అది 50 కేబీ దాటకూడదు.

పిల్లల బొమ్మను పగటి వెలుతురులో, కాగితం మీద నీడ పడకుండా ఫొటో తీయండి. కలర్స్ మెనూలోని లెవల్స్‌తో కాగితం తెల్లగా, గీత నల్లగా వచ్చేలా సరిచేయండి. బొమ్మ బయటి తెలుపును ఫజ్జీ సెలక్ట్‌తో తీసేయండి. లోపలి తెలుపు పోకుండా చూసుకోండి. నాలుగు వైపులా 16 పిక్సెల్స్ ఖాళీ వదలండి.

తెల్ల అంచు కోసం బొమ్మ లేయర్ మీద ఆల్ఫా టు సెలక్షన్ నొక్కి, సెలక్ట్ మెనూలో గ్రో తీసుకుని 8 అని ఇవ్వండి. కొత్త ఖాళీ లేయర్ తెరిచి అందులో తెలుపు నింపి, దాన్ని బొమ్మ లేయర్ కిందికి లాగండి. దీనివల్ల చాట్ నేపథ్యం నల్లగా ఉన్నా, రంగురంగులుగా ఉన్నా బొమ్మ విడిగా కనిపిస్తుంది. మాట మీద కూడా ఇదే చేయండి. స్టిక్కర్‌కు ఒకే మాట పెట్టండి. పిల్లల గీత వంకరగా ఉంటే సరిదిద్దకండి. ఆ చేతి తీరే ఆ స్టిక్కర్‌కు విలువ. తయారైన వెబ్‌పీ ఫైళ్లను స్టిక్కర్ ప్యాక్‌లు చేసే యాప్‌తో వాట్సాప్‌లోకి చేర్చుకోవచ్చు.

ప్రశ్న: పెళ్లి కార్డు మూలన చిన్న నెమలి గుర్తు కావాలి. ప్రెస్సువాళ్లు 300 డీపీఐ అంటున్నారు. నా ఐకాన్ 72 డీపీఐ అని చూపిస్తోంది. 300 అని మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: అంకె ఒక్కటే మారిస్తే కొత్త పిక్సెల్స్ పుట్టవు. కార్డు మీద గుర్తు ఎన్ని సెంటీమీటర్లో అడగండి. 2 సెంటీమీటర్లయితే, దాన్ని 2.54తో భాగించి 300తో గుణించండి. సుమారు 236 పిక్సెల్స్ కావాలి. మీ ఐకాన్ 64 పిక్సెల్సే అయితే దాన్ని సాగదీయకండి, పెద్దగా మళ్లీ గీయించండి. తెర మీద చూసేవాటికి డీపీఐ పట్టించుకోనక్కర్లేదు, పిక్సెల్స్ లెక్క ఒక్కటే చాలు.

ప్రశ్న: వెబ్‌సైట్ ట్యాబ్‌లో కనిపించే ఐకాన్‌కు ఒకే బొమ్మ చాలా? ఐకో ఫైలు జింప్‌లో చేయవచ్చా?
– సాఫ్ట్‌వేర్ శిక్షణలో ఉన్న యువతి, హైదరాబాద్

సమాధానం: చేయవచ్చమ్మా. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వెబ్‌సైట్‌కు చిన్న ఐకాన్ పెట్టే అలవాటు మొదలైంది. ఒకే ఐకో ఫైలులో పలు కొలతల బొమ్మలు ఉండగలవు. చూపించే చోటును బట్టి సిస్టమ్ తగినది తీసుకుంటుంది. జింప్‌లో ఒకే ఫైలులో 16, 32, 48 పిక్సెల్స్ లేయర్లు మూడు పెట్టి, ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో పేరు చివర ఐకో ఎక్స్‌టెన్షన్ ఇస్తే ప్రతి లేయరూ ఒక ఐకాన్‌గా చేరుతుంది.

అయితే 48ని కుదించి 16 చేయకండి. 16 × 16 అంటే 256 గళ్లే. దాన్ని విడిగా గీయాలి. 48లో ఇల్లు గీస్తే తలుపు, కిటికీ, కప్పు పెంకులు పెట్టవచ్చు. 32లో పెంకులు తీసేయండి. 16లో కప్పు త్రికోణం, తలుపు మిగిలితే చాలు. మూడూ పక్కపక్కన పెడితే ఒకే ఇల్లని తెలియాలి, అంతే.

ప్రశ్న: గూగుల్‌లో దొరికిన లేపాక్షి నంది ఫొటోను ఐకాన్‌గా మార్చి మా ట్రావెల్స్‌కు వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హిందూపురం

సమాధానం: నంది శిల్పం 16వ శతాబ్దిది, దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఆ ఫొటో మీద మాత్రం తీసినవారికి హక్కు ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోలకైనా, గీసిన చిత్రాలకైనా రక్షణ వాటిని చేసినవారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. మీది హిందూపురమే కాబట్టి లేపాక్షి వెళ్లి మీ ఫోన్‌తోనే పక్కనుంచి ఒక ఫొటో తీసి, దాని మీద గీసుకోండి. పక్కనుంచి చూస్తేనే మూపురం, ఎత్తిన మెడ స్పష్టంగా కనిపిస్తాయి. ఐకాన్‌కు కావలసినవి ఆ రెండే. చేర్యాల, కలంకారీ బొమ్మల్ని తీసుకోవాలనుకునే వారు కూడా గీసిన కళాకారుడిని అడిగి, డబ్బిచ్చి తీసుకోండి. ఆ కళ మీదే బతికే కుటుంబాలవి.

ప్రశ్న: ఏఐ యాప్‌ను అడిగితే క్షణంలో ఐకాన్ ఇస్తోంది. అయినా నాకు తృప్తిగా లేదు. ఇంతకీ ఐకాన్ పూర్తయిందని ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, డల్లాస్

సమాధానం: ఆ యాప్‌లు ఇచ్చేది పెద్ద బొమ్మ. మెరుపులు, నీడలు, సన్నటి వివరాలు నింపి ఇస్తాయి. తెలుగు అక్షరం అడిగితే తరచూ లేని అక్షరాన్ని ఇస్తాయి. అందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది మీరే తేల్చుకోవాలి, ఐకాన్ పనంతా అక్కడే ఉంది. మీ అసంతృప్తికి కారణం అదే అయ్యుంటుంది.

పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఇలా పరీక్షించండి. జింప్‌లో వ్యూ మెనూ నుంచి న్యూ వ్యూ తెరిస్తే అదే బొమ్మకు రెండో కిటికీ వస్తుంది. ఒకదాంట్లో 800 శాతం జూమ్‌తో పనిచేస్తూ, రెండోదాన్ని 100 శాతంలో ఉంచండి. నిర్ణయాలన్నీ ఆ రెండో కిటికీ చూసే తీసుకోండి. తర్వాత బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అప్పుడు ఆకారం కలిసిపోతే రంగుల మధ్య వెలుగు తేడా చాలలేదన్నమాట. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తించలేని వారికీ ఈ పరీక్ష వల్ల మేలు జరుగుతుంది. తెల్లటి, నల్లటి నేపథ్యాల మీద పెట్టి చూడండి. ఫోన్‌లోకి పంపి చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి.

ఆఖరుగా, విషయం చెప్పకుండా ఇంట్లో ఒకరికి చూపించి ‘ఇదేమిటి?’ అని అడగండి. వెంటనే చెప్పగలిగితే ఒక్కో వివరాన్నీ తీసేస్తూ మళ్లీ అడగండి. చెప్పలేకపోయిన చోట ఆగి, చివర తీసిన దాన్ని తిరిగి పెట్టేయండి. మీ ఐకాన్ పూర్తయినట్టే.